మన వేలు, మన కన్ను
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన గురించి నేను ఎక్కువ చెప్పబోవడం లేదు. ఇక్కడున్న వాళ్లలో చాలామందికి ఆయన నాకన్నా బాగా తెలుసు. ఒక్క మాట మాత్రం చెబుతాను. యూనియన్ ఆఫీసులో ఆయన బల్ల మీద ఎప్పుడు చూసినా పీఎఫ్ స్లిప్పుల కట్ట ఉండేది. జీతాల ఒప్పందాల గురించి, బోనస్ గురించి గొంతెత్తి మాట్లాడేవాళ్లు ఎంతోమంది ఉంటారు. రిటైరైన మనిషికి రావలసిన పైసా ఏ ఫైల్లో ఆగిపోయిందో వెతికి పట్టుకునే ఓపిక కొద్దిమందికే ఉంటుంది. ఆయనకు ఆ ఓపిక ఉండేది. అందుకే ఈ అంశం తీసుకున్నాను. ఆ పైసా మన జీతంలో కోత పడిన రోజు నుంచి తిరిగి మన చేతికి వచ్చే రోజు వరకు, ముప్పై ఏళ్లపాటు, ఎక్కడ తిరుగుతుంది? ఎవరికి అక్కరకొస్తుంది? ఎవరి నెత్తిన కూర్చుంటుంది?

హైదరాబాదు నుంచి కర్నూలు పోయే లారీ డ్రైవర్లకు పుల్లూరు టోల్‌గేటు బాగా తెలుసు. తుంగభద్ర దాటకముందే వస్తుంది. ఇప్పుడు ఫాస్టాగ్ ఉంది కాబట్టి బండి ఆగీ ఆగకముందే ఖాతాలో డబ్బు తెగుతుంది. కొత్తకోట బైపాస్ నుంచి కర్నూలు దాకా ఉన్న ఆ రహదారి ముక్కను, దేశంలోని మరి నాలుగు రోడ్లతో కలిపి, 2021లో జాతీయ రహదారుల సంస్థ ఒక పెట్టుబడి ట్రస్టుకు అప్పగించింది. ఆ ట్రస్టులో చెరో పాతిక శాతం వాటా తీసుకున్నవి రెండు కెనడా సంస్థలు. ఒకటి, క్యూబెక్ తప్ప మిగతా దేశంలోని ఉద్యోగుల పింఛను సొమ్మును మదుపు చేసే సీపీపీ ఇన్వెస్ట్‌మెంట్స్. రెండోది ఒంటారియో రాష్ట్రంలోని బడిపంతుళ్ల పింఛను నిధి. అంటే పాలమూరు డ్రైవరు కట్టే టోలులో కొంత, టొరంటోలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ పింఛనుకు చేరుతుందన్న మాట. ఇది తప్పని నేను అనలేను. ఆమె తన జీతంలోంచి నెలనెలా కట్టింది. ఇతను రోడ్డు వాడుకుంటున్నాడు. ఇద్దరూ ఒళ్లు వంచి బతికినవాళ్లే. అయినా టోలు పెరిగితే ఆమెకు మేలు, ఇతనికి భారం. ఒకరి మొహం ఒకరు చూడని ఈ ఇద్దరు శ్రమజీవుల లాభనష్టాలను ఇలా ఎదురెదురుగా పెట్టిన ఏర్పాటు ఎలాంటిదో తెలుసుకోవలసిన అవసరం మనకుంది.

1976లో పీటర్ డ్రకర్ అనే మేనేజిమెంట్ పండితుడు ఒక పుస్తకం రాశాడు. అమెరికా కంపెనీల వాటాల్లో కనీసం పాతిక శాతం అప్పటికే పింఛను నిధుల ద్వారా ఉద్యోగుల సొత్తైపోయిందనీ, ఉత్పత్తి సాధనాలు కార్మికుల సొంతం కావడమే సోషలిజమైతే మొట్టమొదటి సోషలిస్టు దేశం అమెరికాయేననీ ఆయన వాదన. విప్లవం వచ్చింది, ఎవరి కంటా పడలేదు అన్నాడు. ఇంచుమించు అదే సమయంలో స్వీడన్‌లో కార్మిక సంఘాల సమాఖ్యకు ఆర్థికవేత్తగా ఉన్న రుడాల్ఫ్ మైడ్నర్ వేరే దారి చూపించాడు. కంపెనీలు ఏటా లాభంలో ఐదో వంతుకు సరిపడా కొత్త షేర్లను కార్మికుల నిధులకు ఇవ్వాలి, ఆ షేర్లతో వచ్చే ఓటు కూడా కార్మికులదే కావాలి అన్నాడు. యజమానులు లక్షణంగా వీధుల్లోకి వచ్చి ఊరేగింపు తీశారు. పలచబడిన రూపంలో 1983లో చట్టమైంది, 1990ల మొదట్లో ప్రభుత్వం మారగానే రద్దయింది. డ్రకర్ చెప్పిన దానికి ఎవరూ ఊరేగింపు తీయలేదు. వాటా కార్మికుడిదైనా మాట కార్మికుడిది కాకపోతే ఎవరికీ అభ్యంతరం లేదని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

మాట లేని వాటా ఏం చేస్తుందో ఒక ఉదాహరణ కొంచెం విడమరిచి చెబుతాను. న్యూయార్కు నగరంలో మాన్‌హటన్ తూర్పు అంచున స్టైవెసెంట్ టౌన్, పీటర్ కూపర్ విలేజ్ అని పక్కపక్కనే రెండు పెద్ద కాలనీలున్నాయి. రెండింట్లో కలిపి పదకొండు వేలకు పైగా ఫ్లాట్లు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాల కోసం మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ కట్టించింది. (మొదట్లో నల్లవాళ్లను అందులోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆ సిగ్గుమాలిన కథ మరో ఉపన్యాసానికి సరిపోతుంది.) చట్టం అద్దెలను అదుపులో ఉంచడం వల్ల టీచర్లు, నర్సులు, పోలీసులు, ఫైర్ సిబ్బంది అక్కడ తరాల తరబడి కాపురాలు చేశారు. 2006లో టిష్‌మన్ స్పేయర్, బ్లాక్‌రాక్ అనే సంస్థలు ఆ మొత్తాన్ని 540 కోట్ల డాలర్లకు కొన్నాయి. ఆ డబ్బులో కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి కాల్‌పర్స్ పెట్టింది 50 కోట్లు, ఫ్లోరిడా ఉద్యోగుల నిధి పెట్టింది 25 కోట్లు, కాలిఫోర్నియా టీచర్ల నిధి పెట్టింది 10 కోట్లు.

పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే లెక్క ఒక్కటే. పాత అద్దెకు ఉంటున్నవాళ్లు ఖాళీ చెయ్యాలి, ఖాళీ అయిన ఫ్లాటును మార్కెట్ అద్దెకు ఇవ్వాలి. ఎంత త్వరగా ఎంతమంది వెళ్లిపోతే అంత లాభం. నలభై ఏళ్లుగా ఆ గడపలోనే ఉంటున్నవాళ్లకు కూడా, ఇది మీ అసలు నివాసమేనని నిరూపించుకోండంటూ నోటీసులు వచ్చాయి. ముసలివాళ్లు పాత కరెంటు బిల్లులు, పన్ను కాగితాలు వెతుక్కుంటూ కూర్చున్నారు. కాలిఫోర్నియా ప్రభుత్వ గుమస్తా వృద్ధాప్యం కోసం దాచుకున్న డబ్బు న్యూయార్కు ప్రభుత్వ గుమస్తాను వృద్ధాప్యంలో ఇల్లు ఖాళీ చేయించడానికి పోయింది. మన వేలితో మన కన్ను పొడుచుకోవడం అంటే ఇదే.

అద్దెకుంటున్నవాళ్లు కోర్టుకెళ్లారు. పన్ను రాయితీ తీసుకుంటూ అద్దె అదుపు ఎత్తివేయడం చెల్లదని 2009 అక్టోబరులో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. 2010 జనవరిలో యజమానులు చేతులెత్తేసి ఆస్తిని అప్పులవాళ్లకు వదిలేశారు. కాల్‌పర్స్ 50 కోట్ల డాలర్లూ పోయాయి. ఆ ఏడాదే, అద్దె అదుపులో ఉన్న పేదల ఇళ్లను ఖాళీ చేయించే పథకాల్లో ఇకమీదట డబ్బు పెట్టబోమని కాల్‌పర్స్ నియమం పెట్టుకుంది. మంచి నియమమే. కానీ నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఆ కోర్టు తీర్పు మరోలా వచ్చి, లాభాలు పండి ఉంటే, ఆ నియమం పుట్టేదా?

రెండో ఉదాహరణ చెప్పడానికే మనసొప్పదు. 2012 డిసెంబర్ 14న కనెటికట్ రాష్ట్రం న్యూటౌన్‌లో శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఒక యువకుడు తుపాకీతో చొరబడి ఇరవైమంది చిన్నపిల్లలను, టీచర్లు, బడి సిబ్బంది కలిపి ఆరుగురిని చంపేశాడు. అతని చేతిలోది బుష్‌మాస్టర్ రైఫిల్. అది తయారుచేసిన ఫ్రీడమ్ గ్రూపు యజమాని సెర్బెరస్ అనే ప్రైవేటు పెట్టుబడి సంస్థ. సెర్బెరస్‌లో మదుపు చేసినవాళ్లలో కాలిఫోర్నియా టీచర్ల పింఛను నిధి ఒకటి. టీచర్ల సొమ్ముతో నడుస్తున్న కంపెనీ తుపాకీ బడిలో టీచర్ల మీద పేలింది. నిధి అధికారులు ఈ మదుపును పునఃపరిశీలిస్తామనగానే, కాల్పులు జరిగిన నాలుగో రోజున, ఫ్రీడమ్ గ్రూపును అమ్మేస్తామని సెర్బెరస్ ప్రకటించింది. ప్రకటించినంత సులువుగా అది అమ్ముడుపోలేదు, ఏళ్లు లాగింది. నేను మీ దృష్టికి తేదలచింది ఆ ముందు రోజుల సంగతి. డిసెంబర్ 13న కాలిఫోర్నియాలో పాఠం చెబుతున్న ఏ టీచరుకు తన పింఛనులో తుపాకీ ఉందని తెలుసు? ఇష్టమేనా అని ఆమెను అడిగినవాళ్లు ఎవరు?

అడగనక్కర్లేదని చట్టమే అంటుంది. ఆ మాట ఎక్కడ స్థిరపడిందో చెప్పాలంటే ఇంగ్లండు బొగ్గు గనుల్లోకి వెళ్లాలి.

అక్కడి గని కార్మికుల పింఛను పథకానికి అప్పట్లో పదిమంది ధర్మకర్తలు ఉండేవాళ్లు. ఐదుగురిని జాతీయ బొగ్గు బోర్డు వేసేది, ఐదుగురిని గని కార్మికుల యూనియన్ వేసేది. నిధి అప్పటికే 300 కోట్ల పౌండ్లు దాటింది. యూనియన్ నాయకుడు ఆర్థర్ స్కార్గిల్, తోటి ధర్మకర్తలు ఒక షరతు పెట్టారు. మన సొమ్ము విదేశాల్లో కొత్తగా పెట్టొద్దు, బొగ్గుకు పోటీ వచ్చే చమురు, గ్యాస్ లాంటి ఇంధనాల్లో పెట్టొద్దు అన్నారు. బొగ్గు బోర్డు తరఫు ధర్మకర్తలు కోర్టుకెక్కారు. స్కార్గిల్ వకీలును పెట్టుకోకుండా తన వాదన తానే వినిపించాడు. 1984 వసంతకాలం అది. ఇరవై గనులు మూసేస్తామన్న ప్రకటనతో మహా సమ్మె మొదలైన రోజులవి. న్యాయమూర్తి సర్ రాబర్ట్ మెగారీ స్కార్గిల్ వాదన ఒప్పుకోలేదు. ధర్మకర్త తన రాజకీయాలను, నమ్మకాలను పక్కనపెట్టి లబ్ధిదారుల మేలే చూడాలి, పింఛను నిధి విషయంలో మేలంటే మామూలుగా ఆర్థిక ప్రయోజనమే అన్నాడు. లబ్ధిదారుల్లో చాలామంది గనులు వదిలేసినవాళ్లు, చనిపోయిన కార్మికుల భార్యలు. వాళ్ల పింఛను బొగ్గు పరిశ్రమ క్షేమం మీద ఆధారపడనక్కర్లేదన్నది ఆయన తర్కం.

తర్వాత ఏం జరిగిందో చూడండి. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1994లో మిగిలిన కాసిని ప్రైవేటు చేతికి పోయాయి. 2015 డిసెంబరులో కెల్లింగ్లీ మూతపడడంతో బ్రిటన్‌లో లోతు బొగ్గు గని అనేదే లేకుండా పోయింది. పింఛను నిధి మాత్రం ఉంది, ఇప్పటికీ పింఛన్లు ఇస్తోంది. అన్ని ఊళ్లలో గనులు పోయినా ముసలి తల్లుల చేతికి నెలనెలా డబ్బు అందిందంటే, మెగారీ తీర్పులో నిజం ఉందని ఒప్పుకోవాలి. నిధినంతా ఒకే పరిశ్రమకు కట్టేసి ఉంటే అదీ దానితో పాటే మునిగేది. ఇది దాటేసి మాట్లాడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

అయినా ఆ తీర్పు కార్మికుణ్ణి రెండు ముక్కలు చేసింది. రేపు పింఛను తీసుకోబోయే ముక్కకు కోర్టులో విలువుంది. ఈ రోజు గనిలో దిగే ముక్కకు, ఆ గని మూతపడితే పాడుబడే ఊళ్లో కాపురముండే ముక్కకు విలువ లేదు. మనుషులు అలా బతకరు. కొడుకు ఉద్యోగం పోగొట్టిన పెట్టుబడి మీద నాలుగు పైసలు ఎక్కువొస్తే సంతోషించే తండ్రి ఎవరూ లేరు. ఆ తీర్పులోనే మెగారీ ఒక కిటికీ తెరిచి ఉంచాడు. సభ్యులందరూ మద్యం, పొగాకు లాంటివాటిని నీతి రీత్యా గట్టిగా వ్యతిరేకించేవాళ్లయితే, కొంత రాబడి తగ్గినా వాటికి దూరంగా ఉండడం వాళ్లకు మేలే కావచ్చన్నాడు. నలభై ఏళ్లుగా వకీళ్లు ఆ తీర్పులోని తలుపు గురించే మాట్లాడుతున్నారు, ఆ కిటికీ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోతే న్యాయం కాదు. ఈ నిధులు దురాశతోనే ఇలాంటి చోట్లకు పోతున్నాయనుకోకూడదు. ఇస్తామన్న పింఛను ఇవ్వాలంటే ఏటా ఇంత శాతం రాబడి రావాలని ముందే లెక్క కట్టి పెట్టుకుంటారు. కాల్‌పర్స్ ఆ లెక్క కొన్నేళ్లపాటు ఏడున్నర శాతం. తర్వాత ఏడుకు, 2021లో 6.8కి తగ్గించింది. ప్రభుత్వ బాండ్లలో అంత రానప్పుడు నిధి ఎక్కడికి పోతుంది? ఎక్కువ ఇస్తామనేవాళ్ల దగ్గరికి పోతుంది. ఎక్కువ ఇచ్చేవాళ్లు ఆ ఎక్కువను ఎవరి నుంచి పిండుతున్నారో అడిగితే రాబడి తగ్గుతుందని భయం. యజమాని, ప్రభుత్వం తమ వంతు సరిగా కట్టకుండా ఎగ్గొట్టిన ప్రతిసారీ ఈ భయం పెరుగుతుంది. పింఛనుకు ప్రభుత్వ హామీ గట్టిగా ఉన్నచోట ధర్మకర్తకు నీతిగా ఉండే వెసులుబాటు ఉంటుంది. అది లేనిచోట నీతి మాట్లాడమని మనం అతన్ని ఒత్తిడి చేయడం సగం అన్యాయం.

ఆ రాబడి వెతుకులాట ఎక్కడికి చేరుతుందో ఇంకో రెండు చోట్ల చూద్దాం. కెనడాలో రెవెరా అనే వృద్ధాశ్రమాల కంపెనీ ఉండేది. దాని యజమాని అక్కడి కేంద్ర ప్రభుత్వోద్యోగుల పింఛను సొమ్మును మదుపు చేసే సంస్థ. కోవిడ్ రోజుల్లో ప్రైవేటు వృద్ధాశ్రమాల్లో జరిగిన మరణాలు చూసి ఆ ఉద్యోగుల యూనియనే, మా సొమ్ముతో నడుస్తున్న ఈ ఆశ్రమాలను లాభాల బేరం నుంచి తప్పించి ప్రభుత్వ వ్యవస్థలో కలపండని అడిగింది. యజమాని తన ఆస్తిని లాభం కోసం నడపొద్దని బతిమాలుకోవలసి రావడం ఎంత విడ్డూరమో చూడండి. లండన్ జనానికి నీళ్లిచ్చే థేమ్స్ వాటర్ సంగతీ అంతే. అందులో పెద్ద వాటాదారులుగా ఉంటూ వచ్చినవి ఒంటారియో మునిసిపల్ ఉద్యోగుల పింఛను నిధి, బ్రిటన్ విశ్వవిద్యాలయ అధ్యాపకుల పింఛను నిధి. నదిలోకి మురుగు వదిలి జరిమానాలు కట్టిన కంపెనీ అది. అప్పుల్లో కూరుకుపోయాక 2024లో వాటాదారులు కొత్తగా పైసా పెట్టబోమన్నారు. పర్యావరణం పాఠం చెప్పే ప్రొఫెసరు గారి పింఛనూ ఆ మురుగులోనే కలిసింది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 ఆగస్టులో మొదటిసారి షేర్ మార్కెట్‌లో అడుగు పెట్టింది. కొత్తగా వచ్చే సొమ్ములో మొదట 5 శాతం, 2016లో 10, 2017లో 15 శాతం అయింది. నేరుగా షేర్లు కొనదు, నిఫ్టీ, సెన్సెక్స్ కంపెనీలన్నిటినీ కలిపి కొనే ఈటీఎఫ్‌లలో పెడుతుంది. నిఫ్టీ 50లో సిగరెట్లు తయారుచేసే ఐటీసీ ఉంది. ఇప్పుడు నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లను తలచుకోండి. ఒళ్లో చాట, చేతిలో కత్తెర. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, అంచు మడిచి, దారం వేసి, వెయ్యి బీడీలు లెక్కపెట్టి టేకేదారుకు అప్పజెప్పాలి. బాగా లేవని అతను పక్కకు తీసేసినవి కూలిలో లెక్కకు రావు. వచ్చిన కూలిలో పీఎఫ్ కోత. ఆ కోతలో పిసరంత చివరికి సిగరెట్ల కంపెనీలో వాటా అవుతుంది. బీడీకి పోటీ సిగరెట్టు. ఇంగ్లండు గని కార్మికుడు ఏది వద్దని కోర్టులో నిలబడ్డాడో, మన బీడీ కార్మికురాలి విషయంలో సరిగ్గా అదే జరుగుతోంది. తేడా ఒక్కటే, ఆమెకు ఆ సంగతి తెలియదు.

ఆ షేర్లకు ఓటు కూడా ఉంటుంది. ఆ ఓటు వేసేది ఈటీఎఫ్ నడిపే మ్యూచువల్ ఫండ్ సంస్థ. మ్యూచువల్ ఫండ్లు ముఖ్యమైన తీర్మానాల మీద తప్పనిసరిగా ఓటు వేయాలని 2021లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం తెచ్చింది. మంచిదే. కాని సుమారు ఏడు కోట్లమంది చందాదారుల తరఫున ఏ కంపెనీలో, ఏ తీర్మానానికి, ఎటు చెయ్యెత్తాలో ఆ సంస్థకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. కాంట్రాక్టు కార్మికులకు కనీస వేతనం ఎగ్గొట్టే కంపెనీలో ఆ కార్మికుల పీఎఫ్ సొమ్మే వాటాదారుగా కూర్చుని మేనేజిమెంటుకు సరేనంటుంటే మనకు తెలిసే దారి లేదు.

మన యూనియన్లు పీఎఫ్ విషయంలో నిద్రపోయాయని నేననను. వడ్డీ రేటు అర శాతం తగ్గిస్తే ఊరుకోరు. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోయిందని ముసలివాళ్లు ఢిల్లీ దాకా వెళ్లి కూర్చుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ నుంచి చేరిన ఉద్యోగులు, టీచర్లు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) వద్దు, పాత పింఛను ఇవ్వండంటూ ఏళ్లుగా పోరాడుతున్నారు. వెయ్యి రూపాయల పింఛనుతో నెల గడపమంటే ఎవరైనా ముందు డబ్బే అడుగుతారు, అడగాలి. అయితే ఎంత ఇస్తారన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే ఫైనాన్స్ సంస్థ కూలింది, ఆ మరుసటి ఏడాది ఇళ్ల రుణాలిచ్చే డీహెచ్ఎఫ్ఎల్. మంచి రేటింగు చూసి వాటి బాండ్లు కొన్న పీఎఫ్ ట్రస్టులు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాయి. ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల పీఎఫ్ సొమ్ము 2,200 కోట్లకు పైగా డీహెచ్ఎఫ్ఎల్‌లో ఇరుక్కుంది. మన సింగరేణి కార్మికుల సొమ్ము ఉండే బొగ్గు గనుల పీఎఫ్ సంస్థ కూడా ఆ బాండ్లు కొన్నదే. కంపెనీ ఎలాంటిదో అడగడం నీతి కోసం మాత్రమే కాదు, అసలు దక్కించుకోవడానికి కూడా.

నోరు విప్పితే పని జరుగుతుందనడానికి ఒక రుజువుంది. 2018లో అమెరికాలో టాయ్స్ ఆర్ అస్ బొమ్మల దుకాణాలు మూతపడి ముప్పై వేలమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఉద్యోగం పోయినందుకు రావలసిన పరిహారం కూడా ఇవ్వలేదు. ఆ కంపెనీని అప్పుల్లో ముంచిన కేకేఆర్, బెయిన్ లాంటి పెట్టుబడి సంస్థల దగ్గర రాష్ట్రాల పింఛను నిధుల డబ్బుందని తెలుసుకున్న ఉద్యోగినులు నేరుగా ఆ నిధుల బోర్డు సమావేశాలకు వెళ్లి నిలబడ్డారు. మిన్నెసోటా నిధి కేకేఆర్‌లో కొత్త మదుపులు ఆపింది. ఆ ఏడాది చివరికి ఆ రెండు సంస్థలూ కలిసి 2 కోట్ల డాలర్ల పరిహార నిధి పెట్టాయి. పోయిన దానిలో అది కొంతే. అయినా దుకాణంలో బిల్లు కొట్టిన అమ్మాయి పింఛను ధర్మకర్తల కళ్లలోకి చూసి మాట్లాడినందుకు వచ్చిన డబ్బది.

నీతికి ఖర్చుంటుందని దాచిపెట్టకూడదు. పొగాకు షేర్లు వద్దనుకున్నందుకు కాల్‌పర్స్ 2014 దాకా వదులుకున్న లాభం సుమారు 300 కోట్ల డాలర్లని దాని సలహాదారులే లెక్క తేల్చారు. ఆ లెక్క ముందు పెట్టుకునే 2016లో బోర్డు మళ్లీ చర్చించి, ఓటు వేసి, నిషేధం కొనసాగించింది. నాకు నచ్చింది అది. నష్టం ఎంతో తెలిసి, బహిరంగంగా మాట్లాడుకుని, దీనికి మా సొమ్ము ఇవ్వం అని సొమ్ము వేసుకున్నవాళ్ల తరఫువాళ్లు నిర్ణయించుకోవడం. మెగారీ తెరిచి ఉంచిన కిటికీ ఇదే. మన దగ్గర కూడా బాలల చేత పని చేయించేవి, కార్మికుల పీఎఫ్ ఎగ్గొట్టేవి, ఊళ్లు ఖాళీ చేయించి బతికేవి అంటూ ఒక చిన్న జాబితా చందాదారులే తేల్చుకోవచ్చు. చిన్నదే ఉండాలి. ప్రతి కంపెనీకీ పాపపుణ్యాల లెక్క తీయబోతే పింఛనూ మిగలదు, ఆ జాబితాను పట్టించుకునేవాళ్లూ మిగలరు.

చట్టం ప్రకారం భవిష్యనిధి కేంద్ర ధర్మకర్తల బోర్డులో ఉద్యోగుల తరఫున పదిమంది ఉంటారు. యజమానుల తరఫున పదిమంది, మిగతావాళ్లు ప్రభుత్వాల మనుషులు. ఆ పదిమందికి మన యూనియన్లు ఒక ఉత్తరం రాయాలని ఈ సభలో కోరుతున్నాను. మన సొమ్ము ఏయే కంపెనీల్లో ఎంతెంత ఉందో ఏడాదికోసారి ప్రతి చందాదారు పాస్‌బుక్కులోనూ కనిపించాలి. ఆ షేర్ల మీద ఎటు ఓటు పడిందో చెప్పాలి. పీఎఫ్ జమ చెయ్యకుండా ఎగ్గొట్టినట్టు భవిష్యనిధి సంస్థే తేల్చిన కంపెనీలో పీఎఫ్ సొమ్ము ఎలా ఉందో బోర్డు మినిట్సులో సమాధానం రాయాలి. ఉత్తరం తెలుగులో రాయండి, జవాబు కూడా తెలుగులోనే అడగండి. జవాబు వచ్చాక దాన్ని యూనియన్ ఆఫీసు బీరువాలో దాచకుండా జిరాక్సులు తీసి బీడీ కార్ఖానాల్లో, స్పిన్నింగు మిల్లుల్లో, సెక్యూరిటీ గార్డులు డ్యూటీ మారే గేట్ల దగ్గర పంచండి. మొదటి ఉత్తరానికి జవాబు రాకపోతే రెండోది రాయండి, ఆర్టీఐ పెట్టండి.